విత్తనం మంచిదే, వచ్చిన తెగులే వేరు: రైతుల ఫోన్లు, సైంటిస్ట్ జవాబులు

యాంకర్: హలో, చెప్పండి, యాడ నించి మాట్లాడతా ఉండారు?

రైతు: బుచ్చి పక్కన పల్లె సార్. ఆరెకరాలు వరి, నాటి నలబై రోజులైంది, పండగ ముందు నించి మంచు ఇరగ పడతా ఉండాది గదా, ఆకుల మీద మచ్చలొచ్చి కయ్యంతా మంట తగిలినట్టుండాది. నేనేసింది మామూలు సాంబమసూరి, అదే బీపీటీ, కాదు, తెగులు తట్టుకునే ఇంప్రూవ్డ్ సాంబమసూరి అని చెప్పి ఇచ్చినారు. గెనిమ అవతల మా బామ్మర్ది 34449 రకం ఏసినాడు, వాడిది పచ్చగా ఉండాది. నన్ను మోసం చేసినారా సార్?

సైంటిస్ట్: ఉండండి పెద్దాయనా, మచ్చ ఎట్టుండాది? కొస నించి అంచుల ఎమ్మటి పసుపు చార లాగా దిగిందా, లేక నూలుకండె మాదిరి, మధ్యన బూడిద రంగుతో విడివిడిగా ఉండాయా?

రైతు: కండె మాదిరే సార్. మా అల్లుడు ఫోటో కూడా తీసినాడు.

సైంటిస్ట్: అయితే అది అగ్గితెగులు. విత్తనంలో మోసమేం లేదు, కాకపోతే అమ్మినాయన సగం మాటే చెప్పినాడు. ఆ రకం 2008లో హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ కలిసి ఇచ్చినారు, దాంట్లో ఎక్స్ఏ5, ఎక్స్ఏ13, ఎక్స్ఏ21 అని మూడు జీన్లుండాయి. మూడూ ఎండాకు తెగులు కోసం. అది బ్యాక్టీరియా. మీ కయ్యలో ఉండేది బూజు, దానికి పీఐ అనే జీన్లు వేరే ఉంటాయి. తూము కాడ కాపలా పెట్టినోడు కట్ట గండి పడితే ఏం జేస్తాడు, అట్టనే.

రైతు: మరి బామ్మర్దిది?

సైంటిస్ట్: అది మన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్టేషన్ రకమే, నెల్లూరు మసూరి, అగ్గితెగుల్ని బాగా తట్టుకుంటాది. అట్టని ఊరంతా ఏళ్ల తరబడి అదొక్కటే ఏస్తే కుదరదు, బూజు కూడా మారతా ఉంటాది, ఆ జీన్‌ని దాటిపోయే జాతి ఎప్పుడో పుడతాది. యూరియా ఎంతేసినారు?

రైతు: (నవ్వు) పండక్కి ముందు ఇంకో బస్తా పడింది సార్.

సైంటిస్ట్: అదీ సంగతి. యూరియా ఆపేయండి, కయ్య ఆరనీయొద్దు. ట్రైసైక్లజోల్ 75 శాతం పొడి లీటరుకి 0.6 గ్రాములు, ఎకరాకి 200 లీటర్ల నీళ్లయితే 120 గ్రాములు కొట్టండి. పొట్ట దశలో ఒకసారి చూసుకోండి, ఇదే తెగులు కంకి మెడకి తగిలి మెడవిరుపు వస్తే గింజే ఉండదు, అప్పుడు ఐసోప్రోథయోలేన్ లీటరుకి 1.5 మిల్లీ, మందు మార్చి కొడితే మంచిది.

యాంకర్: ఇంకో కాల్, అమ్మా చెప్పండి.

మహిళా రైతు: కోవూరు దగ్గర నించి సార్. ఇందాక జీన్లన్నారు గదా, అంటే ల్యాబులో జీన్లు మార్చిన జీఎం విత్తనమా? మేం తినే వడ్లు కూడా అవే, పిల్లలుండారు ఇంట్లో, దాంతో పాటు ఇంకోటి, సొంత విత్తనం కట్టుకోవచ్చా లేక ప్రతేడూ కొనాల్నా?

సైంటిస్ట్: జీఎం కాదమ్మా. ఎక్స్ఏ21 ఆఫ్రికా అడవి వరిలోది, మామూలు సంకరం చేసే తెచ్చినారు, సాంబమసూరితో మళ్లీ మళ్లీ కలుపుకుంటా వచ్చినారు. మొక్క చిన్నగా ఉండంగానే ఆకు ముక్క తీసి డీఎన్ఏ టెస్ట్ చేస్తే మూడు జీన్లు ఉండే మొక్కేదో తెలిసిపోతాది, దాన్నే ముందుకి తీసుకుపోయినారు. హైబ్రిడ్ కూడా కాదు గాబట్టి విత్తనం కట్టుకోవచ్చు, జీన్లు ఎక్కడికీ పోవు. కల్తీ మొక్కలు మాత్రం పూత టైంలో ఏరేయాల.

మహిళా రైతు: ఎండాకు తెగులని ఎట్ట గుర్తు పట్టాల సార్? మాకు రెండూ ఒకే మాదిరి కనపడతాయి.

సైంటిస్ట్: తెగులు ఆకు కోసి గాజు గ్లాసు నీళ్లల్లో నిలబెట్టండి, కోసిన చోట నించి తెల్లగా పొగ మాదిరి దిగితే బ్యాక్టీరియా. అగ్గితెగులుకి అట్ట రాదు.

యాంకర్: టైం అయిపోతా ఉండాది, చివరి కాల్, కందుకూరు నించి, త్వరగా అడగండన్నా.

రైతు: ఆకు తొడుగు మీద మచ్చలొచ్చే పొడ తెగులు అసలు రాని రకం చెప్పండి సార్.

సైంటిస్ట్: పూర్తిగా ఆపే జీన్ దానికి ఇంకా దొరకలేదన్నా, ఏ షాపులో చెప్పినా నమ్మొద్దు. దూరం దూరంగా నాటండి, గెనిమల మీద గడ్డి...

రైతు: హలో? హలో సార్, ఇనపడతల్లే...

(లైన్ కట్)