పుంజు కూత వెనక ఏముంది?

హోస్ట్: నమస్తే అండి. హార్మోన్లు, మెదడు, ప్రవర్తన ఈ మూడింటినీ కలిపి చదివేవాళ్లకు 'సొసైటీ ఫర్ బిహేవియరల్ న్యూరోఎండోక్రైనాలజీ' అని ఒక సంఘం ఉంది. హార్మోన్ల వాళ్లకూ, మెదడు వాళ్లకూ వేరే సంఘాలున్నాయి కదా, మళ్లీ ఇదెందుకు?

అతిథి: ఒకరు రక్తంలో హార్మోన్ కొలుస్తారు, ఒకరు నాడీకణాలు చూస్తారు, ఇంకొకరు పక్షుల వెంట అడవుల్లో తిరుగుతారు. వీళ్లు ఒకచోట కూర్చోకపోతే ఎవరి దగ్గర ఉన్న ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

హోస్ట్: అసలు హార్మోన్లు ప్రవర్తనను మారుస్తాయనే ఈ ఆలోచన ఎక్కడ మొదలైంది?

అతిథి: కోడిపుంజులతో. 1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ అనే శాస్త్రవేత్త చిన్న పుంజులకు వృషణాలు తీసేశాడు. వాటికి తురాయి సరిగా పెరగలేదు, కూత లేదు, కొట్లాట లేదు. ఇంకొన్నిటికి తీసిన వృషణాన్నే కడుపులో వేరేచోట పెట్టాడు. అవి మామూలు పుంజుల్లాగే కూశాయి, పెట్టల వెంట పడ్డాయి. కోసి చూస్తే పాత నరాల కనెక్షన్ లేదు, కొత్త రక్తనాళాలు మాత్రం అల్లుకున్నాయి. అంటే కబురు రక్తంలోనే వెళుతోందన్నమాట. అప్పటికి హార్మోన్ అనే పేరే పుట్టలేదు!

హోస్ట్: అయితే వృషణాల్లో తయారయ్యే టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ ఎక్కువుంటే కోపం ఎక్కువ అనేది నిజమేనా?

అతిథి: అలా అనేస్తుంటే నాకు బాధేస్తుందండీ. హార్మోన్ మెదడుకు హుకుం జారీ చెయ్యదు. ఒక పని జరిగే అవకాశాన్ని పెంచుతుంది, లేదా తగ్గిస్తుంది, అంతే. పైగా ప్రవర్తన కూడా తిరిగి హార్మోన్లను మారుస్తుంది. జంతువుల ప్రవర్తనను చదివిన శాస్త్రవేత్త డేనియల్ లెర్మన్ బృందం గువ్వల మీద చేసిన పని చూడండి. ఆడగువ్వకూ మగగువ్వకూ మధ్య అవతలిది కనిపించే గాజు పలక పెట్టారు. ముట్టుకోవడం కుదరదు. మగది వంగి వంగి కూస్తూ సరసమాడుతుంటే చూస్తూ ఉన్న ఆడదాని శరీరం గుడ్లు పెట్టడానికి సిద్ధమైంది. వృషణాలు తీసేసిన మగదాన్ని పెడితే సరసమూ లేదు, ఇటువైపు ఆ మార్పూ పెద్దగా లేదు. కంటికి కనిపించిందే ఒంట్లో హార్మోన్‌ను కదిలించింది!

హోస్ట్: వింటుంటే ఒళ్లు పులకరిస్తోంది.

అతిథి: సొసైటీ ఇచ్చే జీవన సాఫల్య పురస్కారానికి లెర్మన్ పేరే పెట్టారు. యువ పరిశోధకుల అవార్డు ఫ్రాంక్ బీచ్ అనే మరో శాస్త్రవేత్త పేరు మీద ఉంది. 1969లో 'హార్మోన్స్ అండ్ బిహేవియర్' పత్రికను మొదలుపెట్టిన ముగ్గురిలో ఆయనొకరు. ఇప్పుడది సొసైటీ అధికారిక పత్రిక.

హోస్ట్: కొత్తగా ఇటు రావాలనుకునే విద్యార్థులకు ఏం చెబుతారు?

అతిథి: ముందు ఏదో ఒక జంతువును ఓపికగా గమనించమంటాను. అది ఎప్పుడు తింటుంది, ఎవరిని తరుముతుంది, పిల్లల దగ్గరికి ఎలా వెళుతుంది అని రోజూ రాసుకోమంటాను. ఆ నోట్సు చేతిలో ఉంటే ఏ హార్మోన్‌ను, ఏ వేళలో కొలవాలో తెలుస్తుంది.