మిల్లు నేల లెక్క

నగర ప్రణాళిక చదవడానికి వచ్చేవాళ్ళలో చాలామందికి పార్కులు, భవనాలు గీయాలని ఉంటుంది. మంచిదే. కానీ ముంబయిలో గిరణ్‌గావ్ పతనాన్ని చదివితే, గీతకన్నా ముందు నిబంధన చదవడం రావాలని తెలిసొస్తుంది.

లాల్‌బాగ్, పరేల్ చుట్టుపక్కల బట్టల మిల్లుల పేట అది. తెలంగాణ నుంచి వలస వెళ్ళిన పద్మశాలీలూ అక్కడ పనిచేశారు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. సమ్మె వల్లే మిల్లులు మూతపడ్డాయంటారు. అది సగం మాటే. యజమానులు పాత యంత్రాలు మార్చలేదు, ముంబయి పక్కనున్న భివండీ ఊళ్ళో మరమగ్గాలు చౌకగా నేశాయి, చివరికి మగ్గం కన్నా దాని కింది నేలకే ధర పెరిగింది.

ఆ నేలను పంచడానికి 1991లో ముంబయి అభివృద్ధి నియంత్రణ నియమాల్లో 58వ నిబంధన వచ్చింది. అయిదు హెక్టార్లలోపు మిల్లయితే 33 శాతం బహిరంగ స్థలానికి, 27 శాతం ప్రభుత్వ గృహనిర్మాణానికి, 40 శాతం యజమానికి. 2001లో సవరించి, ఈ వాటాలు ఖాళీ నేలకే వర్తిస్తాయన్నారు. లెక్క వేసి చూడండి. పదెకరాల మిల్లులో ఏడెకరాలు షెడ్లే అనుకుందాం. పాత లెక్కన పార్కుకు 3.3 ఎకరాలు, ఇళ్ళకు 2.7. కొత్త లెక్కన మిగిలిన మూడెకరాల్లోంచే పంపకం: పార్కుకు ఒక ఎకరం, ఇళ్ళకు 0.8. యజమాని వాటా నాలుగు నుంచి 8.2 ఎకరాలకు పెరిగింది. ఈ సవరణ మీద కేసు హైకోర్టు దాటి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2006లో సవరణే నిలిచింది. ఇంత పెద్ద నేల చేతులు మారడానికి ఒక చిన్న సవరణ సరిపోయింది!

ఆ గృహనిర్మాణ వాటాలో పాత మిల్లు కార్మికులకు రావలసిన ఇళ్ళ సంగతి మరోలా చిక్కుపడింది. ఇల్లు రావాలంటే 1982 జనవరి 1 నాటికి మిల్లు హాజరు పట్టీలో పేరున్నట్టు రుజువు చూపాలి. దశాబ్దాల తర్వాత పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ కార్డు ఎందరి దగ్గర ఉంటాయి? ఇళ్ళకన్నా దరఖాస్తులు ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి లాటరీ తీశారు.

ఇది చదివినవాళ్ళు కొందరు భూమి రికార్డుల వైపు, కొందరు నియమాలు రాసే పని వైపు మళ్ళుతారు. డిజైనర్లూ కావాలి, కాదనను. అయితే వాటాలు తేలిపోయాక వాళ్ళ చేతిలో మిగిలేది తక్కువ.

మొదలుపెట్టడానికి దగ్గర్లోనే, మూతపడిన వరంగల్ ఆజంజాహీ బట్టల మిల్లు నేల ఉంది; ఆ మిల్లు 1934 నాటిది. దాని పాత సర్వే పటం, అమ్మకపు దస్తావేజులు, ఇప్పటి లేఅవుట్ పక్కపక్కన పెట్టండి. ఏ ముక్క ఎవరికి, ఏ ఉత్తర్వు కింద వెళ్ళిందో పట్టిక వేయండి. ఉత్తర్వు దొరకని గడిని ఖాళీగానే వదలండి, ఊహించి నింపకండి.