బతుకమ్మ పూలు కోసినంక మొదలయ్యే తోట

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తరనుకోలే, చాలా సంతోషంగా ఉంది. వెనకాల నిలబడ్డోళ్లు ముందుకు రండి, ఇక్కడ చాపలు ఖాళీగా ఉన్నయి. పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, ఈ ముచ్చట వాళ్లకే ఎక్కువ పనికొస్తది.

నేను చెప్పేది ఒకటే విషయం, అదను. తోట గురించి నన్ను అడిగేటోళ్లంతా మందు ఏం కొట్టాలె, ఎరువు ఏం వెయ్యాలె, విత్తనం ఎక్కడ తెచ్చినవు అని అడుగుతరు గాని ఎప్పుడు వెయ్యాలె అని అడిగేటోళ్లు తక్కువ. మన కాలనీ తోటలో నా మడి నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు, నాలుగేండ్ల సంది దాంట్లోనే ఉన్న. ఆ మడిలో నేను పోగొట్టుకున్న పంటల్లో సగానికి పైన పురుగు వల్ల పోలేదు, తారీఖు తప్పి పోయినయి. మా తాత కార్తెలు లెక్కపెట్టుకుని పొలం పోయేటోడు, ఉత్తర చూసి ఎత్తర గంప అని ఇంట్లో అందరి నోట్లో ఉండేది, ఉత్తర కార్తెలో కూడా వాన పడకపోతే ఇగ ఊళ్లో బతుకు లేదు, గంప ఎత్తుకుని వలస పోవుడే అని దానర్థం. మనకు అంత కష్టం లేదు, బోరు ఉంది, పైపు ఉంది. అయినా మొక్కకు మాత్రం కార్తె కార్తెనే.

యూట్యూబ్‌లో చలి దేశాల వాళ్ల వీడియోలు చూసి చాలామంది కన్ఫ్యూజ్ అవుతున్నరు. వాళ్లకు అక్టోబర్ అంటే తోట సర్దుకునే టైం, మంచు పడేలోపు అన్నీ పీకేసి మడి కప్పెడతరు. మనకు పూర్తి ఉల్టా. హైదరాబాద్‌లో ఎండాకాలం మొక్కల్ని బతికించుకునుడే పెద్ద పని, వానాకాలం తోటకూర, బెండ, గోంగూర, బీర నిలబడతయి గాని మిగతా ఆకుకూరలు కుళ్లిపోతయి, అసలైన తోట దసరా అయినంక మొదలైతది. డిసెంబర్, జనవరిలో రాత్రిళ్లు 14, 15 డిగ్రీలు, శివార్లలో ఒక్కోసారి 10 కంటే కిందికి కూడా పోతది గాని మంచు గడ్డ కట్టదు, పగలు మంచి ఎండ ఉంటది. క్యారట్, ముల్లంగి, పాలకూర, మెంతి, బఠానీ, క్యాబేజీ వీటికి ఇంతకంటే ఏం కావాలె.

ఇప్పుడు మన తోటలో మూడు నాలుగు మడుల్లో బతుకమ్మ పేర్చే గునుగు నడుము దాకా పెరిగింది. పోయిన వారం ఒక తమ్ముడు పార పట్టుకుని వచ్చిండు కలుపు తీస్త అని, మంచి మనసుతోనే వచ్చిండు, నేనే ఆపిన. బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల అమావాస్య దాకా ఆగు బిడ్డా అన్న. ఏడాదంతా మనం కలుపు అని పీకే మొక్కనే ఆ తొమ్మిది రోజులు తల్లి అయితది, ఇది నాకు ఎంత తలుచుకున్నా తనివి తీరదు. కాకపోతే ఒక్క జాగ్రత్త, చివరి రోజు సద్దుల బతుకమ్మ కల్లా గునుగు మొత్తం కోసెయ్యాలె, వదిలేస్తే ఆ పూల కంకిలో నల్లగా మెరిసే ఆవగింజ కంటే చిన్న గింజలు తయారయి మడి నిండా రాలుతయి, మళ్లా ఏడు మీరు పీకలేక అలిసిపోతరు. పూలు కోసుకోండి, వేర్లతో సహా మొక్క తీసెయ్యండి, పండుగ అయితది, మడి కూడా ఖాళీ అయితది.

మడి ఖాళీ అయినంక మట్టి సంగతి. మన జాగాలో ఉన్నది మంచి మట్టి కాదు, ఇండ్లు కట్టినప్పుడు పోసిన మొరం, దాని కింద కాంక్రీట్ ముక్కలు, ఇటుక పెళ్లలు. మొదటి ఏడు గడ్డపార దిగలే. మేము రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఎండుటాకుల కంపోస్ట్ కలిపి మడులు జానెడు ఎత్తు లేపినం. ఎత్తు ఎందుకు అంటే అక్టోబర్‌ని నమ్మొద్దు. 2020 అక్టోబర్ 13 వాన గురించి ఈ ఊర్లో ఎవరికీ చెప్పే పనిలేదు, కొన్ని చోట్ల ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటింది. బంగాళాఖాతంలో వాయుగుండం పడితే ఇక్కడ మన మొలకలు మునుగుతయి. పేడ మాత్రం పచ్చిది వెయ్యకండి, ఒక ఏడు తొందరపడి డెయిరీ నుంచి తెచ్చింది తెచ్చినట్టే వేసిన, వేడికి వేర్లు మాడినయి, దాంట్లో ఉన్న వేరుపురుగు మిగిలినవి తిన్నది. నలిపితే పొడిపొడిగా రాలాలె, వాసన రావద్దు, అప్పుడే అది ఎరువు.

అల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి గారు, 2020లో పద్మశ్రీ వచ్చింది, లోపలి మట్టి తీసి ఎండబెట్టి పైమట్టికి బలంగా ఇచ్చే పద్ధతి ఆయనది. మన ఊరి పక్కనే ఇట్లాంటి మనిషి ఉన్నడని పిల్లలకు తెలియాలె.

ఇగ అదను లెక్క. సంక్రాంతి నుంచి వెనక్కి లెక్కపెట్టండి, నేను ఇట్లనే చేస్త. దసరా నుంచి సంక్రాంతికి సుమారు మూడు నెలలు. టమాటా నారు 25 రోజుల నుంచి నెల, నాటినంక మొదటి పండు కొయ్యడానికి ఇంకో రెండు నెలలు, అంటే పండుగకు మన టమాటా పచ్చడి కావాలంటే దసరాకు నారు పోసి ఉండాలె, ఒక వారం ముందే పోస్తే ఇంకా నిశ్చింత. క్యారట్‌కు 80, 90 రోజులు, అదీ దసరాకే. బీట్‌రూట్ రెండు నెలలు పైన. ముల్లంగి 45 రోజులు కాబట్టి ఆగొచ్చు, మెంతి అయితే నెల తిరగకుండనే కోస్తం కాబట్టి పది రోజులకు ఒక సాలు చొప్పున వేసుకుంటూ పోతే చలికాలమంతా తెగకుండ వస్తది. అందరూ చేసే పొరపాటు ఏందంటే ప్యాకెట్ మొత్తం ఒకేరోజు చల్లుతరు, తర్వాత ఒకేరోజు బుట్టెడు ముల్లంగి వచ్చి ఎవరికి పంచాలో తెలియదు. కాలీఫ్లవర్ కొనేటప్పుడు అది ముందస్తు రకమా ఆలస్యంగా వేసేదా అడగండి, చలికి తగ్గ రకం కాకపోతే ఆకులే వస్తయి, పువ్వు రాదు, వస్తే గోలికాయంత వస్తది.

అదను తప్పితే ఏమైతదో నా టమాటానే సాక్ష్యం. రెండేండ్ల కింద ట్రేలలో నారు మంచిగ పోసిన, మొలిచింది, ఆ వారం వాన పట్టుకుంది, తడుస్తయని ప్లాస్టిక్ కవర్ నాలుగు వైపులా బిగించి కప్పిన. మూడో రోజు తీసి చూస్తే మొలకలన్నీ పడుకున్నయి. ఒకటి తీసి చేతిలో పెట్టుకుని చూసిన, ఆకులు పచ్చగనే ఉన్నయి, మట్టికి ఆనే చోట కాడ మాత్రం నీళ్లకు నాని దారం లెక్క సన్నగా అయిపోయింది. నారుకుళ్లు అంటరు దీన్ని, ఒత్తుగా చల్లి, గాలి ఆడనియ్యకుండ, తడి ఆరనియ్యకుండ పెడితే వస్తది. పైన కప్పు ఉండాలె, పక్కలు తెరిచి ఉండాలె, ట్రైకోడెర్మా అని మేలు చేసే బూజు పొడి ఉంటది, అది ఎరువులో కలిపి వారం నానబెట్టి వాడుకోవాలె, అప్పుడు నాకు తెలియదు. మళ్లా దీపావళికి పోసిన, మొక్కలు వచ్చినయి గాని కాపు మొదలయ్యేసరికి ఫిబ్రవరి సగమైంది, ఎండ ముదిరింది, తెల్లదోమ వచ్చి ఆకులన్నీ ముడుచుకుపోయినయి. నెల రోజుల తేడా, అంతే. ఆ ఏడు ఇంట్లో ఒక్క కిలో కూడా తినలే.

కొత్తిమీర గురించి ప్రతి ఏడు ఎవరో ఒకరు వచ్చి మొలవలేదక్కా అంటరు. ధనియం అని మనం అనేది ఒక గింజ కాదు, దాంట్లో రెండు గింజలుంటయి, పైన గట్టి పొట్టు. దాన్ని అట్లనే మట్టిలో వేస్తే నీళ్లు లోపలికి పోవడానికే రోజులు పడతది. బండ మీద పోసి ఇటుకతో మెల్లగా రుద్దండి, దంచొద్దు, రుద్దాలె, టప్ టప్‌మని రెండు బద్దలుగా విడిపోతది. రాత్రి నీళ్లలో వేసి పొద్దున గుడ్డలో ఆరబెట్టి చల్లండి, పది రోజుల్లో గుర్రపు వెంట్రుకలంత సన్నగా లేస్తది. సెప్టెంబర్ వేడిలో వేస్తే పూతకు పోతది, అక్టోబర్ చివర నుంచి వేసింది మంచిగ గుబురు కడతది.

ఇప్పుడు చిక్కుడు, దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడుత, ఎందుకంటే మన తోటలో పెద్ద గొడవ దీని మీదనే అయింది. గేటు పక్క పందిరి మీద ఉన్న చిక్కుడు ఒక ఏడు జూన్ వానలకు పెట్టింది, సెప్టెంబర్ వచ్చినా ఒక్క పువ్వు లేదు, తీగ మాత్రం పక్క మడుల మీదికి పాకి నీడ చేస్తుంది. కాయని తీగ ఎందుకు కోసేద్దాం అని ఇద్దరు ముగ్గురు గట్టిగానే అన్నరు. నాటు చిక్కుడు పొద్దు చూసి పూస్తది. ఎండాకాలం మన దగ్గర పొద్దు పదమూడు గంటలుంటది, డిసెంబర్ చివరికి పదకొండు గంటల చిల్లరకు వస్తది, మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు అని మన పెద్దోళ్లు ఊరికే అనలే. రాత్రి పొడుగైతుందని తీగకు తెలిసినంకనే మొగ్గ తొడుగుతది. ఆ ఏడు బతిమాలుకుని తీగ ఉంచుకున్నం, దీపావళికి ఊదా రంగు పూల గెలలు లేచినయి, డిసెంబర్‌లో రోజూ బుట్టెడు కాయ. ఇంకొకటి గమనించిన, పందిరికి వీధిలైటు పడే వైపు పూత మిగతా వైపు కంటే చాలా ఆలస్యంగా వచ్చింది, ఆ వెలుతురుకు తీగకు రాత్రి రాత్రి లెక్క అనిపించదు కావచ్చు. ఇంట్లో పందిరి వేసుకునేటోళ్లు లైటు దగ్గర వెయ్యకండి.

చిక్కుడు పూసిందంటే పేనుబంక వస్తది. చలి మొదలైనంక ఒక పొద్దున పోయి లేత కొన తిప్పి చూడండి, నల్ల నువ్వులు అద్దినట్టు ఉంటది, ముట్టుకుంటే జిగట, కాడ పొడుగునా చీమలు వరసగా ఎక్కుతుంటయి దిగుతుంటయి. చీమలు కనపడితే బంక ఉన్నట్టే, దాని తీపి కోసం వస్తయి అవి. వెంటనే మందు కొట్టకండి, దయచేసి. అక్కడనే నల్లగా, నారింజ చుక్కలతో, బుల్లి మొసలి లెక్క పాకే పురుగు కనపడుతది. చూస్తే భయమైతది, అందరూ దాన్నే ముందు చంపుతరు. అది అక్షింతల పురుగు పిల్ల. పెద్దయితే ఎర్రగా నల్ల చుక్కలతో పిల్లలు చేతిమీద ఎక్కించుకుంటరు చూడండి, అదే. పెద్దదాని కంటే ఈ పిల్లే గబగబా పేన్లను తింటది. ఒక వారం ఓపిక పట్టి, కొనలు నీళ్లతో జాడించి కొట్టి, మరీ ఎక్కువైన కొనలు తుంచేస్తే చాలు. తప్పకపోతే లీటర్ నీళ్లకు అయిదు ఎంఎల్ వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట.

నీళ్లు మాత్రం చలికాలం సాయంత్రం పొయ్యకండి. రాత్రంతా తడి ఆకు మీద ఉంటే ఆకుమచ్చ తెగులుకు పిలిచి పీట వేసినట్టే. పొద్దున ఎండ పడ్డంక, వేర్ల దగ్గర, బోరు నీళ్లు ఆ టైంలో గోరువెచ్చగా ఉంటయి కూడా. మంచుకు ఆకులు తడిగా ఉన్నప్పుడు చిక్కుడు కొయ్యొద్దు, ఒక తీగ రోగం చేతులతో ఇంకో తీగకు పోతది. డిసెంబర్‌లో రోజూ పొయ్యాల్సిన పనే లేదు, వేలు రెండు కణుపులు దించి చూసి తడి తగిలితే ఇంటికి వెళ్లిపోండి. ఇద్దరు ముగ్గురు ప్రేమతో ఒకే మడికి ఒకే రోజు మూడుసార్లు నీళ్లు పోసిన సంగతి మనకు తెలుసు, అందుకే ఈసారి పలక పెడుతున్నం, పోసినోళ్లు సుద్దతో టిక్ పెట్టాలె.

ఒక బాధ కూడా చెప్పుకోవాలె. మన గల్లీలో బాదం చెట్లు డిసెంబర్, జనవరికి ఎర్రగా అయ్యి ఆకులు రాలుస్తయి, మార్చి లోపు కానుగ, వేప కూడా. పొద్దున్నే ఊడ్చి కుప్ప చేసి అంటుబెడతరు. చలికాలం పొగ పైకి పోదు, గల్లీలోనే పండుకుంటది, రెండో లైన్‌లో ఉన్న పెద్దమ్మకు ఆయాసం, పోయిన జనవరిలో రెండు రాత్రులు కూర్చునే ఉంది. ఆ ఆకు మనకు బంగారం. మడి మీద నాలుగు వేళ్ల మందం పరిస్తే తడి ఆరదు, కలుపు లేవదు, మిగిలింది జాలీలో తొక్కి పెట్టి అప్పుడప్పుడు పేడనీళ్లు చల్లితే వచ్చే బతుకమ్మ వరకు నల్లటి కంపోస్ట్. బాదం ఆకు మందం కాబట్టి చింపి వెయ్యండి. ఊడ్చే అక్కతో నేను మాట్లాడిన, గోనె సంచులిస్తే నింపి గేటు దగ్గర పెడత అన్నది, మనం చెయ్యాల్సింది సంచులు ఇచ్చుడు, ఆమెకు వారానికి ఒక కట్ట కూర ఇచ్చుడు. ఇది అందరూ ఒప్పుకోవాలని చేతులెత్తి అడుగుతున్న.

పంచుకునే దగ్గర నియమం పాతదే, పక్క మడిలోది అడగకుండ కొయ్యొద్దు, గేటు పందిరి చిక్కుడు మాత్రం అందరిది. దాని చివరి కాపు రథసప్తమికి ఆపుదాం, కాయలతో రథం చెయ్యడానికి, పాయసం పెట్టడానికి ఆకులు కూడా కావాలె కదా, పోయినసారి పిల్లలు చేసిన రథం నాలుగు చక్రాలతో నిలబడ్డది. కింద కొన్ని గెలలు ఎండనిస్తే విత్తనం కూడా మనదే.

ఇగ నేను ఆపుత. ఈ స్టీలు డబ్బాలో కిలో ధనియాలు తెచ్చిన, అటు బండ దగ్గర రెండు ఇటుకలు పెట్టిన. పిల్లలు ముందు రండి, ఒక్కొక్కరు గుప్పెడు తీసుకుని రుద్దండి, మెల్లగా, దంచకుండ. విడిపోయినవి కాగితంలో కట్టుకుని ఇంట్లో పెట్టుకోండి, అక్టోబర్ చివరి వారం నేను గ్రూప్‌లో చెప్పిన రాత్రి నానబెట్టాలె, అంతకుముందు వద్దు.