లోరా స్టాండిష్ కుట్టిన బట్ట

సభకు నమస్కారం.

కుట్లు, అల్లికలు అంటే ఇష్టమున్నవాళ్లూ, పాత వంశవృక్షాలు తవ్వి తీసేవాళ్లూ ఇద్దరూ ఇక్కడ ఉన్నారు. నేను చెప్పబోయే బట్ట మీ ఇద్దరికీ పనికొస్తుంది.

అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్లిమత్ ఊళ్లో 1824లో తెరిచిన పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియం ఉంది. అక్కడ సన్నగా, పొడుగ్గా ఒక లినెన్ పట్టీ ఉంటుంది. దాని మీద పట్టు దారంతో అడ్డంగా వరసలు వరసలుగా నమూనాలు కుట్టి ఉంటాయి. ఇలాంటి దాన్ని శాంప్లర్ అంటారు. సుమారు 1653 నాటిది. అమెరికాలో కుట్టినవాటిలో ఇప్పటిదాకా తెలిసిన అతి పాత శాంప్లర్ ఇదే. కుట్టిన అమ్మాయి పేరు లోరా స్టాండిష్.

డిజైన్ల పుస్తకాలు అందరికీ అందని రోజులవి. నచ్చిన నమూనా కనిపిస్తే పట్టీ మీద కుట్టి, చుట్ట చుట్టి దాచుకునేవాళ్లు. మన ఇళ్లలో అమ్మాయిలు ముగ్గుల నోటుబుక్ పెట్టుకున్నట్టే. బడి పిల్లలు అక్షరమాల, పేరు, వయసు కుట్టి, చుట్టూ పూలతీగ వేసి గోడకు తగిలించే శాంప్లర్లు ఎక్కువగా తర్వాతి రెండు శతాబ్దాలవి. అక్షరాలు కుట్టడం రావాలనడానికి ఇంటి అవసరమూ ఉంది. దుప్పట్లు, తువ్వాళ్లు అప్పట్లో ఖరీదైన ఆస్తి. వాటి మీద ఇంటివాళ్ల పొడి అక్షరాలు క్రాస్ స్టిచ్‌లో కుట్టి గుర్తు పెట్టుకునేవాళ్లు. చదవడం నేర్పినా రాయడం నేర్పని ఆడపిల్లలు చాలామంది ఉన్న కాలం. వాళ్ల చేతికి కలం కన్నా ముందు సూదే వచ్చింది.

లోరా పట్టీ కింది భాగంలో కొన్ని పద్యపాదాలున్నాయి. వాటి భావం ఇది: ‘లోరా స్టాండిష్ నా పేరు. ప్రభూ, నీ చిత్తం నెరవేర్చేలా నా మనసును నడిపించు. మచ్చలేని మంచి నడతకు తోడ్పడే నేర్పుతో నా చేతులు నింపు. ఆ ఘనత నీ నామానికే ఇస్తాను.’ ప్రార్థన ఆనాటి భక్తుల ఇళ్లలో అందరూ చేసేదే. నన్ను కదిలించేది మొదటి పాదం. దేవుణ్ణి పిలవడానికి ముందే ఆ అమ్మాయి తన పేరు పూర్తిగా చెప్పుకుంది.

ఇక కుటుంబం. తండ్రి మైల్స్ స్టాండిష్ సైనికుడు. ప్లిమత్ కాలనీని స్థాపించిన ఇంగ్లిష్ వలసదారులతో 1620లో మేఫ్లవర్ ఓడలో వచ్చాడు. మొదటి భార్య రోజ్ ఆ మొదటి చలికాలంలోనే చనిపోయింది. రెండో భార్య బార్బరా 1623లో మరో ఓడలో వచ్చింది. లోరా తల్లి ఈమే. బార్బరా పుట్టింటి ఇంటిపేరు ఏమిటో ఏ కాగితంలోనూ దొరకలేదు. 1627లో ఆ కాలనీవాళ్లు పశువులు పంచుకున్నప్పుడు రాసిన జాబితాలో ఈ ఇంటి పిల్లలు చార్లెస్, అలెగ్జాండర్, జాన్ ఉన్నారు, లోరా లేదు. కాబట్టి ఆ తర్వాతే పుట్టి ఉండాలి.

కాగితాల్లో తండ్రి సంగతి వేరు. 1656లో చనిపోయేటప్పటికి ఆయన ఆస్తి విలువ 358 పౌండ్ల 7 షిల్లింగులని లెక్కకట్టారు. ఇంగ్లండ్‌లో తనకు రావలసిన భూములు ఎవరో దొంగచాటుగా అట్టిపెట్టుకున్నారని వీలునామాలో ఊళ్ల పేర్లతో సహా రాసి, ఆ హక్కు తన వారసుడైన కొడుకు అలెగ్జాండర్‌కు ఇచ్చాడు. తన ముత్తాత ఏ ఇంటి చిన్నకొడుకో కూడా చెప్పాడు. మగవాళ్ల వంశం ఆయనకు అంత ముఖ్యం.

అదే వీలునామాలో భూముల కన్నా ముందు ఇంకో కోరిక ఉంది. తాను ప్లిమత్ దగ్గరి డక్స్‌బరీ ఊళ్లో చనిపోతే, ‘నా ఇద్దరు ప్రియమైన కూతుళ్లు’ ఉన్న చోటికి వీలైనంత దగ్గరగా పాతిపెట్టమన్నాడు. ఒకరు కూతురు లోరా, ఇంకొకరు కోడలు మేరీ. అంటే లోరా అప్పటికే లేదు. పుట్టిన తేదీ లేదు, పోయిన తేదీ లేదు. తండ్రి చెప్పిన ఆ ఒక్క మాట, తను కుట్టిన ఆ పట్టీ, ఈ రెంటి వల్లే మనకు ఆమె మనిషిగా తెలుస్తోంది. అందుకే వంశచరిత్ర రాసేవాళ్లు కుట్టుపనిని వీలునామాతో సమానమైన దస్తావేజుగా చూడాలని నేను గట్టిగా అంటాను. వీలునామా తండ్రి మాట చెబుతుంది. బట్ట మీద ఉన్నది అమ్మాయి సొంత మాట.

స్టాండిష్ వంశం ఆమె అన్నదమ్ముల ద్వారా సాగింది. అలెగ్జాండర్ అదే మేఫ్లవర్‌లో వచ్చిన జాన్ ఆల్డెన్ కూతురు సారాను పెళ్లి చేసుకున్నాడు. వాళ్లకు పుట్టిన ఒక కూతురికి లోరా అనే పేరు పెట్టుకున్నారు. మేనత్త పేరు పెట్టుకున్న ఆ అమ్మాయి అబ్రహాం సామ్సన్‌ను పెళ్లాడి ఆ ఇంటి కోడలైంది.