వారెంటు రాసినంత తేలిక కాదు

శ్రోతలకు నమస్కారం.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో కథతోనే మొదలుపెడతాను. 1994లో రువాండాలో ఆర్‌టీఎల్‌ఎం అని ఒక స్టేషన్ ఉండేది. హుషారైన పాటలు, కబుర్లు, జోకులు. వాటి మధ్యలోనే అక్కడి టుట్సీ తెగవాళ్ళను బొద్దింకలు అనేవాళ్ళు. ఆ ఏప్రిల్‌లో ఊచకోత మొదలయ్యాక కొందరి పేర్లు, వాళ్ళు దాక్కున్న చోట్లు కూడా మైకులోనే చెప్పారు. దాదాపు వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది ప్రాణాలు పోయాయి. ఆ స్టేషన్‌లో జార్జ్ రుజియూ అనే బెల్జియం దేశస్థుడు అనౌన్సర్‌గా పనిచేశాడు. అతని ఆయుధం మైకే. నేరం ఒప్పుకున్నాడు, 2000లో 12 ఏళ్ళ శిక్ష పడింది. స్టేషన్ పెట్టినవాళ్ళలో ఒకడైన నహిమానాకు అప్పీలు తర్వాత ఖరారైంది 30 ఏళ్ళు.

ఈ విచారణలు జరిగింది పక్క దేశం టాంజానియాలోని అరూషా పట్నంలో, ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్‌లో. 1998లో అకయేసు అనే స్థానిక మేయర్ కేసులో, అత్యాచారం కూడా జాతి సంహారంలో భాగం కావచ్చని తేల్చింది కూడా ఆ కోర్టే. ఆ ముగ్గురు జడ్జీల్లో నవనీతం పిళ్ళై ఒకరు, దక్షిణాఫ్రికాలో స్థిరపడిన తమిళ కుటుంబంలో పుట్టిన మనిషి.

తీర్పు సంగతి సరే, ముందు ముద్దాయిని బోనెక్కించేది ఎవరు? అసలు చిక్కు అక్కడే ఉంది. యుగోస్లావియా యుద్ధాల మీద నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో పెట్టిన ట్రిబ్యునల్ 161 మంది మీద అభియోగాలు మోపింది. బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 8 వేల మందికి పైగా మగవాళ్ళను, మగపిల్లలను చంపించిన జనరల్ మ్లాడిచ్ మీద 1995లోనే కేసు పెడితే, దొరికింది 2011లో, సెర్బియాలో. సెర్బియాకు యూరోపియన్ యూనియన్‌లో చేరాలని ఆశ. ముందు అతన్ని అప్పగించండి, ఆ తర్వాత మాట్లాడదాం అన్నాయి అవతలి దేశాలు. ఆఖరికి ఆ 161 మందిలో పరారీలో ఎవరూ మిగల్లేదు. అంతర్జాతీయ మద్దతు అని పేపర్లలో చదువుతుంటామే, అది పనిచేసిన తీరు ఇది. ఉపన్యాసాలకు మ్లాడిచ్ దొరికేవాడు కాదు.

ఇప్పుడు హేగ్‌లో శాశ్వతంగా ఉన్నది అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు. 2002 జులై 1 నుంచి పనిచేస్తోంది. 18 మంది జడ్జీలున్నారు కానీ సొంతానికి ఒక్క కానిస్టేబుల్ కూడా లేడు. వారెంటు ఇవ్వడం వరకే దాని పని, పట్టుకోవాల్సింది సభ్య దేశాలు. 2023లో పుతిన్ మీద వారెంటు వచ్చింది. మరుసటి ఏడాది ఆయన సభ్య దేశమైన మంగోలియాకు వెళ్ళి, దర్జాగా తిరిగొచ్చాడు. ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తెను మాత్రం 2025 మార్చిలో సొంత దేశం పోలీసులే పట్టుకుని విమానం ఎక్కించారు. అక్కడి రాజకీయాలు ఆయనకు అడ్డం తిరిగాయి కాబట్టే అది సాధ్యమైంది అనుకుంటాను. న్యాయం జరగడానికి కారణాలు ఎప్పుడూ న్యాయమైనవే అయి ఉండవు మరి.

సాక్షుల సంగతి ఇంకా కష్టం. నాంపల్లి కోర్టు ఆవరణలో ఒక పూట గడిపినవాళ్ళకు ‘సాక్షి ఎదురు తిరిగాడు’ అంటే ఏమిటో విడమర్చి చెప్పక్కర్లేదు. కెన్యాలో 2007 ఎన్నికల తర్వాత జరిగిన హింస కేసులకు అదే గతి పట్టింది. అక్కడి నాయకుల్లో కెన్యాట్టా మీద అభియోగాలను 2014లో ప్రాసిక్యూటరే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. రూటో కేసు 2016లో మధ్యలోనే ఆగిపోయింది. సాక్షులను లొంగదీసుకున్నారన్న మాట తీర్పులోనూ వచ్చింది. ఆ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు దేశాధ్యక్షులయ్యారు.

స్వతంత్ర కోర్టు కావాలని అందరూ అంటారు, అది తమవాళ్ళ జోలికి రానంత వరకు. పుతిన్ మీద వారెంటు సబబే అన్నారు అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్. 2024 నవంబరులో నెతన్యాహు మీద వారెంటు రాగానే అమెరికాలో అన్ని వైపుల నుంచీ కోపం వచ్చింది. 2025లో ట్రంప్ ప్రభుత్వం ప్రాసిక్యూటర్ మీద, ఆ తర్వాత జడ్జీల మీద కూడా ఆంక్షలు పెట్టింది. రష్యా అంతకు ముందే కొందరు జడ్జీలను తన ‘వాంటెడ్’ జాబితాలో ఎక్కించింది. తీర్పు రాసే మనిషికి తన బ్యాంకు కార్డు రేపు పనిచేస్తుందో లేదో అన్న టెన్షన్ పెట్టడం కూడా ఒక రకం బెదిరింపే. అలాంటప్పుడు ఆ జడ్జీకి ఖాతా తెరిచే బ్యాంకును, అండగా నిలిచే ప్రభుత్వాన్ని నిజమైన మద్దతు అంటాను.

మన దేశం ఈ అంతర్జాతీయ కోర్టులో సభ్యురాలు కాదు. 1998లో రోమ్‌లో ఆ కోర్టును పెట్టే ఒప్పందానికి 120 దేశాలు ఔనన్నాయి, 7 కాదన్నాయి, ఓటు వేయకుండా ఉన్న 21లో మనమూ ఉన్నాం. భద్రతా మండలికి ఆ కోర్టు మీద పెత్తనం ఎందుకన్నది మన అభ్యంతరాల్లో ఒకటి. తోసిపుచ్చలేని మాట అది. కానీ సూడాన్ అధ్యక్షుడు బషీర్ మీద వారెంట్లు ఉండగానే 2015లో ఢిల్లీలో శిఖరాగ్ర సభకు పిలిచాం. ఆ అభ్యంతరానికీ ఈ ఆతిథ్యానికీ పొంతన నాకు కనిపించదు.

హైదరాబాదులో కూర్చుని రువాండా, కెన్యా అంటున్నాను గానీ మన గడ్డ మీదా తేలని లెక్కలున్నాయి. 1948లో రజాకార్లు బైరాన్‌పల్లి లాంటి పల్లెల మీద పడి చంపారు. రజాకార్ల మీద కొన్ని కేసులు నడిచాయి. ఖాసిం రజ్వీ జైల్లో ఉండి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యలను పండిట్ సుందర్‌లాల్ కమిటీ జిల్లాలు తిరిగి రాసుకుంది. 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు అచ్చుకు నోచుకోలేదు. సాక్ష్యం చెప్పగలవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

సిరియా విషయంలో ఆ పొరపాటు జరగకూడదని 2016 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఒక ప్రత్యేక విభాగం పెట్టింది. హేగ్‌కు పంపే దారిని రష్యా, చైనా వీటోతో మూసేశాయి కాబట్టి ఈ పక్కదారి. ఆధారాలు పోగుచేసి, భద్రపరిచి, విచారణ జరిపే కోర్టులకు అందించడమే దాని పని. మొదట్లో కొన్ని దేశాలు వేసుకున్న చందాలతోనే నడిచింది. ఈలోపు జర్మనీలోని కోబ్లెంజ్ కోర్టు 2022 జనవరిలో, డమాస్కస్ నిర్బంధ కేంద్రంలో పనిచేసిన అన్వర్ రస్లాన్ అనే అధికారికి యావజ్జీవం వేసింది. ఆ మనిషి బెర్లిన్‌లో శరణార్థిగా ఉన్నప్పుడు, ఒకప్పుడు తనను అరెస్టు చేసింది ఇతనేనని గుర్తుపట్టినవాడు ఒక సిరియా లాయరు. అతనూ అక్కడికి శరణార్థిగానే వచ్చాడు. తీర్పు వచ్చే నాటికి సిరియా అధ్యక్షుడు అస్సాద్ ఇంకా గద్దె మీదే ఉన్నాడు.

సెలవు. నమస్కారం.