కొత్త పోపు గారి నుంచి మనం ఏం కోరుకుంటున్నాం?

(విశాఖపట్నం జ్ఞానాపురంలో, 2025 మే 7న కొత్త పోపును ఎన్నుకునే కాంక్లేవ్ మొదలయ్యే ముందు ఆదివారం పూజ తర్వాత చేసిన ప్రసంగం)

ఫాదర్ గారికి, సిస్టర్లకు, విచారణ పెద్దలకు, అక్కలకు, అన్నలకు నమస్కారం. ఎండ ముదరకముందే వదిలేస్తాను, భయపడకండి.

ఫ్రాన్సిస్ పోపు గారు పోయినప్పటి నుంచి ఎవరు ఎదురుపడినా అడిగేది ఒకటే: "మన పూల ఆంథోనీ గారికి ఛాన్స్ ఉందా?" టీవీ వాళ్లయితే ఐపీఎల్ టీముల్లా ఫేవరెట్ల లిస్టులు వేస్తున్నారు. అది నాకు నచ్చడం లేదు. కాంక్లేవ్‌లో నామినేషన్లు ఉండవు, ప్రచారం ఉండదు. ఓటేసే 133 మంది కార్డినల్స్‌లో, అంటే పోపు తర్వాతి పెద్ద గురువుల్లో, ఒక్కొక్కరూ మడిచిన చీటీని పైకెత్తి పట్టుకుని బలిపీఠం దాకా నడుస్తారు. ఎదురుగా గోడ నిండా మైకెలాంజెలో గీసిన కడపటి తీర్పు చిత్రం. నాకు తీర్పు చెప్పబోయే క్రీస్తే సాక్షి అని పైకి ప్రమాణం చేసి, అప్పుడు చీటీ వేస్తారు. 89 ఓట్లు ఒకరికే పడేదాకా ఇదే వరస.

కర్నూలు జిల్లా చిందుకూరులో పుట్టిన మనిషి, మొట్టమొదటి దళిత కార్డినల్, మన ఆంథోనీ గారు ఈసారి ఆ చీటీ పట్టుకుని నడుస్తారు. నాకు ఆ సంతోషం చాలు. ఆయనే పోపు కావాలని పట్టుబట్టను.

ఓట్లకు ముందు జరిగే సమావేశాల మీదే నా ఆశ. 2013లో అప్పటి కార్డినల్ బెర్గోలియో గారు అక్కడ కొద్ది నిమిషాలే మాట్లాడారు. శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, తనలో తాను ముడుచుకోకుండా అంచుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లాలన్నారు. కొద్ది రోజులకే ఆయనే ఫ్రాన్సిస్ పోపు అయ్యారు. ఇప్పుడూ రోజూ ఆ సమావేశాలు నడుస్తున్నాయి.

అంచులంటే రోమ్‌లో ఏమనుకుంటారో గానీ, మనవాళ్లలో చాలామంది తాతలు నిజంగానే ఊరి చివర బతికినవాళ్లు. క్రైస్తవుడైన దళితుడికి 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా లేదు. అది ప్రభుత్వంతో తేల్చుకోవాల్సిన సంగతి. మరి మన ఇంట్లో? శ్రీసభ లోపలా అంటరానితనం ఉందని 2016లో మన దేశ బిషప్పులే తమ విధాన పత్రంలో ఒప్పుకున్నారు. ఒప్పుకున్న తర్వాత ఏం చేశారని కొత్త పోపు గారు వాళ్లను అడగాలి. గట్టిగానే అడగాలి.

ఇంకొకటి, ఆడవాళ్ల సంగతి. ఇక్కడ జపమాల నడిపేది, పిల్లలకు సత్యోపదేశం చెప్పేది, జబ్బు చేసినవాళ్ల ఇంటికి ముందు వెళ్లేది ఎవరో మీకు తెలుసు. పోపుకు సలహా ఇచ్చే బిషప్పుల సభ సినడ్‌లో 2023లో మొదటిసారి స్త్రీలు ఓటేశారు. కొత్తాయన ఆ తలుపు మళ్లీ వేసేస్తారేమోనని నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఫ్రాన్సిస్ గారు మరీ తొందరపడ్డారు, కొన్నాళ్లు నిదానం కావాలి అనే పెద్దలు మనలోనూ ఉన్నారు. వాళ్ల భక్తిని శంకించను. కానీ ఊరి చివరివాళ్లకు ఇప్పటికే చాలా నిదానం అయింది.

బుధవారం వాళ్లు సిస్టైన్ ప్రార్థనాలయంలోకి వెళ్లేసరికి మనకు రాత్రి ఎనిమిది. ఆ టైంకి ఇంట్లో జపమాల చెప్పుకుంటే, దయచేసి ఎవరి పేరూ పెట్టకండి.