ఓపీ రిజిస్టర్‌లో సున్నాలు: మెడికల్ స్టూడెంట్‌కి పరిశోధన ఎక్కడ మొదలవుతుంది?

తెర మీద: ఓపీ రిజిస్టర్‌లో ఒక పేజీ. పేర్లు కనబడకుండా అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. బీపీ కాలమ్ ఒక్కటే కనిపిస్తోంది.

నమస్తే అండీ. ఈ కాలమ్‌ని పైనుంచి కిందికి ఒకసారి చదవండి. 120/80, 130/80, 140/90, 110/70, 150/90. ప్రతిదాని చివరా సున్నాయే.

చేత్తో గాలి కొట్టే బీపీ మిషన్ మీద రెండేసి పాయింట్లకి ఒక గీత ఉంటుంది. కాబట్టి రీడింగ్ చివర 0, 2, 4, 6, 8లో ఏదైనా రావచ్చు. వంద రీడింగుల్లో సుమారు ఇరవైకి సున్నా ఉండాలి. తొంభైకి ఉందంటే, అందులో చాలా సున్నాలు రాసిన చేతి అలవాటు. దీన్నే డిజిట్ ప్రిఫరెన్స్ అంటారు. 138 ఉన్నావిడకి 140 అని రాస్తే ఆవిడ ఆ పూటే బీపీ పేషెంట్ల లెక్కలోకి వెళ్లిపోతుంది. రెండు పాయింట్లే కదా అనుకోకండి.

నేను ఒడిశాలోని బరంపురంలో మెడికల్ స్టూడెంట్లకి పరిశోధన పద్ధతులు చెబుతుంటాను. మొదటి క్లాసులో పీ వాల్యూ లాంటి గణాంకాల జోలికి పోను. పేర్లు కప్పిన ఇలాంటి పేజీ చేతికిచ్చి సున్నాలు లెక్కపెట్టమంటాను. లెక్క పూర్తయ్యేసరికి గది నిశ్శబ్దమైపోతుంది. ఆ తర్వాత వాళ్లే అడుగుతారు, మరి బీపీ సరిగ్గా ఎలా చూడాలి సార్ అని. పేషెంట్‌ని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాలి. గాలి సెకనుకి రెండు పాయింట్ల చొప్పున మెల్లగా వదలాలి. ఉన్నదున్నట్టు రాయాలి. వాళ్లకి అందిన మొదటి పరిశోధన పాఠం అదే.

పరిశోధన పెద్ద డాక్టర్ల పని, పీజీలో థీసిస్ అప్పుడు చూసుకుందాం అనే మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఫిజియాలజీలో మనందరం బట్టీపట్టే ఐలెట్స్ ఆఫ్ లాంగర్‌హాన్స్, అంటే పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు ఉన్నాయే, 1869లో బెర్లిన్‌లో వాటిని గుర్తించి రాసినప్పుడు పాల్ లాంగర్‌హాన్స్ కూడా మెడికల్ స్టూడెంటే. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 1979లోనే ఎంబీబీఎస్ వాళ్ల కోసం షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ పెట్టింది. ఒక గైడ్ దగ్గర రెండు నెలల చిన్న ప్రాజెక్ట్, దానికి స్టైపెండ్.

తెర మీద: ఎండలో ఆరబెట్టిన అప్పడాలు.

ఇక ప్రశ్న తయారు చేయడం. మా ఊరు పట్టుచీరలకీ, అప్పడాలకీ, ఊరగాయలకీ పేరున్న ఊరు. ఒకమ్మాయి వచ్చి, "అప్పడాలు తింటే బీపీ వస్తుందా అని చూస్తాను సార్" అంది. ఆలోచన మంచిదే. కానీ ఎవరికి, ఎన్ని తింటే, ఎవరితో పోల్చి? మూడు రోజులు కూర్చుని ఇలా మార్చాం: నలభై దాటినవాళ్లలో, రోజూ అప్పడమో ఊరగాయో తినేవాళ్లకీ, వారానికి ఒకసారికి మించి తిననివాళ్లకీ పై బీపీలో తేడా ఉందా?

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. బీపీ ఉందని తెలిసినవాళ్లకి డాక్టరు ముందే ఉప్పు తగ్గించమని చెప్పి ఉంటారు, వాళ్లు అప్పడం మానేసి ఉంటారు. మనం ఇవాళ వెళ్లి అడిగితే ఏం తేలుతుంది? బీపీ ఎక్కువున్నవాళ్లే అప్పడాలు తక్కువ తింటున్నారని! లెక్క తప్పు కాదు, అర్థం తలకిందులైంది. అందుకే, మీకు బీపీ ఉందని ఇంతకుముందు ఎవరైనా చెప్పారా అని ముందే అడిగి, అలాంటివాళ్లని విడిగా చూడాలి. ఎండుచేపల ఉప్పు సంగతీ అడగాలి. లేకపోతే చేప చేసిన పని అప్పడం మీదకి వస్తుంది. ఉప్పు రోజుకి ఐదు గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది కానీ, ఎంత తిన్నారో నోటిమాటతో తేలదు. నిఖార్సుగా కావాలంటే ఇరవైనాలుగు గంటల మూత్రం పట్టి సోడియం కొలవాలి. విద్యార్థి ప్రాజెక్టులో అది కుదరకపోతే, కుదరలేదని రిపోర్టులో రాయాలి.

వైద్య పరిశోధన పేపర్లు దొరికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో పాత పేపర్లు వెతకడం, ఎక్సెల్‌లో వరుసలు నింపడం ఒక వారంలో వచ్చేస్తాయి. పరిశోధన వల్ల పేషెంట్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి మాత్రం మొదటి మనిషిని అడగకముందే చేతిలో ఉండాలి.

తెర మీద: వీధి అరుగు. చేతిలో కాగితంతో ఒక విద్యార్థి, ఎదురుగా ఒక పెద్దావిడ.

1936లో ఒడిశా విడి ప్రావిన్సుగా ఏర్పడేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇప్పటికీ మాలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో నేర్చిన అక్షరాలు ఒరియా. ఈ అబ్బాయి తెలుగు కన్సెంట్ ఫారం, అంటే పరిశోధనలో చేరడానికి ఒప్పుకోలు పత్రం, పట్టుకెళ్లాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, "మాట తెలుగే గానీ, ఈ అక్షరాలు నాకు రావు బాబూ" అంది. ఒరియా ఫారం ఇస్తే చదవగలదు, కానీ అందులోని ఆఫీసు మాటలు బుర్రకెక్కవు. ఇలాంటి చోట రెండు లిపుల్లోనూ ఫారం ఉండాలి, దాన్ని ఇంటి తెలుగులో చదివి వినిపించాలి, విన్నాక ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలి.

వాడు చదవడం మొదలుపెట్టాడు. ప్రాజెక్టు పేరు, కాలేజీ పేరు, ఉద్దేశం. ఆవిడ మధ్యలో ఆపింది. "నేను ఒద్దంటే ఆసుపత్రిలో నా మందులు ఆపేస్తారా బాబూ?"

ఆపరు. ఆ సంగతి ఫారంలో ఉంది, రెండో పేజీ అడుగున. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఫారం మళ్లీ రాశాం, ఎథిక్స్ కమిటీకి మళ్లీ పంపాం.

తెర మీద: కొత్త ఫారంలో మొదటి వాక్యం, రెండు లిపుల్లో. "మీరు ఒప్పుకోకపోయినా మీ వైద్యం, మీ మందులు ఇప్పటిలాగే అందుతాయి."